వామనగుంటల పీట: గ్రంథాలయంలో నాలుగేళ్లు వాడాక

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాక రోజూ సాయంత్రం పెదవాల్తేరులో మా ఇంటికి దగ్గరున్న చిన్న గ్రంథాలయానికి వెళ్తున్నాను. నాలుగేళ్ల కిందట నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లల కోసం ఏదైనా పెడదామంటే, 650 రూపాయలు పెట్టి వామనగుంటల పీట కొనిచ్చాను. చేప ఆకారంలో మడిచే చెక్క పీట, చెరోవైపు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు. వారం రోజులకని పెట్టింది ఇప్పటికీ తీయలేదు.

ముందు వస్తువు సంగతి. చెక్క గట్టిదే, ఎక్కడా పగల్లేదు. మడతబందు మాత్రం ఇనపది. ఉప్పుగాలికి ఎనిమిది నెలల్లో తుప్పు పట్టి ఊడొచ్చింది. ఇత్తడిది వేయించాక ఇబ్బంది లేదు. విశాఖలో కొనేవాళ్లు ముందు బందు చూసుకోండి. గుంటలు లోతు చాలవు. పది పిక్కలు దాటితే పక్క గుంటలోకి దొర్లిపోయి పిల్లల మధ్య గొడవ. పీటతో ఇచ్చిన చింతపిక్కలు రెండో వానాకాలానికి పుచ్చిపోతే బీచి రోడ్డులో గవ్వలు కొన్నాం. ఆ చప్పుడుకి పేపరు చదువుకునే పెద్దలు విసుక్కున్నారు. వాళ్లది న్యాయమే. పీటని వరండాలోకి మార్చాం.

ఇక ఆట. గుంటకి ఐదేసి, మొత్తం డెబ్బై. ఒక గుంటలోవి ఎత్తి వరసగా ఒక్కోటి వేసుకుంటూ పోవాలి. అయిపోగానే పక్క గుంటలోవి ఎత్తి మళ్లీ పంచాలి. పక్కది ఖాళీగా ఉంటే దాన్ని తుడిచి, ఆ తర్వాతి గుంటలోవి గెలుచుకోవాలి. మేం ఆడేది ఇంతే.

రెండో ఏడు అనుకుంటా, ఏడో తరగతి పిల్ల ఒకతి పరుగున వచ్చింది. "ఏటి మాస్టారూ, ఎక్కడ్నుంచి ఎత్తినా మొదటిసారి ఏడే వస్తన్నాయి!" కూర్చుని చూశాను. నిజమే. ఐదుసార్లు పంపకం, ఆరో అడుగులో ఖాళీ గుంట, చేతికి ఏడు. అన్ని గుంటలూ సమానంగా ఉన్నప్పుడు ఎక్కడ మొదలెడితేనేం? చిన్నప్పుడు మా అమ్మతో ఎన్ని వందల ఆటలాడానో, నాకెప్పుడూ ఇది తట్టలేదు.

అక్కణ్ణుంచి వాళ్లే ఆటని మార్చడం మొదలెట్టారు. నాలుగేసి పెడితే ఆరొచ్చాయి. ఆరేసి పెడితే ఏడే, కానీ రెండు పంపకాల్లోనే అయిపోయింది. ఎందుకని అడిగితే ఆ పిల్ల కాగితం మీద పద్నాలుగు సున్నాలు గీసి వేలు పెట్టి చూపించింది: ఆరు గుంటల్లో వేసి ఏడోది ఎత్తుతాం, ఇంకో ఆరు వేసి అక్కణ్ణుంచి మళ్లీ ఏడో గుంటకి వస్తాం, అది మనం మొదట ఖాళీ చేసిందే కదా అని. శేషాల లెక్కని నల్లబల్ల మీద నేనెప్పుడూ అంత తేటగా చెప్పలేదు. తర్వాత ఒకబ్బాయి, ఒక గుంటలో ఒక గవ్వ తగ్గించి మొదలెడదామన్నాడు. దాంతో ఒక చోట ఏడు, ఒక చోట ఆరు. మొదటి ఎత్తుకే ఆలోచించాల్సి వచ్చింది. ఆట తయారుచేయడమంటే ఇదే. అచ్చు వేసిన బోర్డు ఆటల్లో నిబంధన మార్చమంటే పిల్లలు జంకుతారు, ఇక్కడ గవ్వ తీసేస్తే చాలు.

ఆటకి వచ్చినవాళ్లంతా పుస్తకాలు చదువుతారా అని అడుగుతుంటారు. అందరూ చదవరు. రోజూ వచ్చే పదిమందిలో నలుగురు సభ్యత్వం తీసుకున్నారు, ఇద్దరు పొడుపులెక్కల పుస్తకాల కోసం బీరువా అంతా వెతికించారు. మిగతావాళ్లు ఆడుకుని వెళ్తారు. వాళ్లూ గ్రంథాలయానికి వచ్చినవాళ్లే అని నా నమ్మకం.

ఇలాంటిదే ఇంకోటి కొని ఒక బడికిచ్చాను. అక్కడ పాడైపోతుందని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఏడాది తర్వాత వెళ్తే కవరు కూడా విప్పలేదు. చాలా బాధేసింది. పిల్లల చేతికందేలా ఉంచలేకపోతే కొనకండి.

మాకిప్పుడు ఇంకో పీట కావాలి, ఈసారి లోతు గుంటలతో. వరండా గచ్చు మీద సుద్దతో పన్నెండు గుంటల పీట గీసి పిల్లలు కొత్త లెక్క మొదలెట్టారు, గవ్వలు చాలడం లేదు.