చేతి వైండింగ్ మెషిన్‌తో ఏడేళ్లు

మా ఇంటి స్టెబిలైజర్‌లో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను నేనే చుట్టుకోవాలన్న పట్టుదలతో ఏడేళ్ల క్రితం చేతితో తిప్పే ఈ వైండింగ్ మెషిన్ కొన్నాను. ఇప్పటికి స్టెబిలైజర్లవీ, యాంప్లిఫయర్లవీ కలిపి నలభైకి పైగా దీని మీదే చుట్టాను. పోత ఇనుప దిమ్మ, పళ్ల చక్రాలు ఈనాటికీ చెక్కుచెదరలేదు. అప్పుడప్పుడూ ఒక చుక్క నూనె చాలు. నా ఫిర్యాదు చుట్లు లెక్కపెట్టే కౌంటర్ మీద మాత్రమే: హ్యాండిల్‌ను వెనక్కి తిప్పితే అంకె తగ్గదు.

ఈ సంగతి మొదట్లో తెలియక దెబ్బతిన్నాను. మధ్య కాలు వెడల్పు 38 మి.మీ., పేర్పు మందం కూడా అంతే ఉన్న కోర్ (తీగ చుట్ల నడుమ ఉండే ఇనుప రేకుల దొంతర) అది. వైశాల్యం 14.4 చ.సెం.మీ.; ఈ పనిలో వాడే లెక్క ప్రకారం 45ను దానితో భాగిస్తే వోల్టుకు 3.12 చుట్లు, అంటే 230 వోల్టుల ప్రైమరీకి (కరెంటు లోపలికి వచ్చే చుట్టకు) 718. మధ్యలో తీగ మీదికెక్కిందని ముప్పై చుట్లు విప్పి మళ్లీ చుట్టాను, కౌంటర్ మాత్రం వాటిని రెండుసార్లు లెక్కపెట్టింది. అన్నీ బిగించాక 15 వోల్టుల సెకండరీలో (కరెంటు బయటికిచ్చే చుట్టలో) 15.6 చూపిస్తే, ప్రైమరీలో ముప్పై చుట్లు తక్కువ పడ్డాయని అర్థమైంది. అప్పటినుంచి విప్పిన చుట్లను కాగితం మీద రాసుకుంటున్నాను.

అయితే చుట్టడం తేలిక పని. అసలు కష్టమంతా కోర్ విప్పడంలో ఉంది, అక్కడ ఏ మెషిన్ కూడా సాయం చేయదు. వార్నిష్‌తో అతుక్కున్న స్టాంపింగులలో (కోర్ రేకులలో) మొదటిది ఊడిరావడానికే ఒక్కోసారి గంట పడుతుంది. రాత్రంతా థిన్నర్‌లో నానబెట్టి, పూర్తిగా ఆరాక, పలచగా అరగదీసిన హాక్సా బ్లేడును అంచున దూర్చి చెక్క సుత్తితో మెల్లగా తడతాను. ఆ మొదటిది దాదాపు ఎప్పుడూ వంగిపోతుంది, దాన్ని పారేయడమే మంచిది. తరువాతివి ఒక్కొక్కటిగా చేతికే వస్తాయి.

తిరిగి పేర్చేటప్పుడు ఇంగ్లిష్ E అక్షరం ఆకారపు రేకులను ఒకటి ఇటునుంచి, ఒకటి అటునుంచి మార్చి మార్చి దూర్చి, మిగిలిన సందుల్లో I ఆకారపు రేకులను నింపాలి. చివరి రెండు మూడు ఎప్పుడూ పట్టవు. ఒకసారి సుత్తితో బలవంతంగా దిగగొట్టినప్పుడు రేకు అంచు బాబిన్‌ను (తీగ చుట్టే గొట్టాన్ని) చీల్చి తీగ ఎనామిల్ దాకా వెళ్లింది, రెండు రోజుల పని వృథా అయింది. ఇప్పుడు ఒకటి రెండు మిగిలినా వదిలేసి, బోల్టులను గట్టిగా బిగిస్తాను. వదులుగా ఉంటే గుయ్యిమని మోత పెడుతుంది. మొదటిసారి కరెంటు ఇచ్చేది మాత్రం ఎప్పుడూ 100 వాట్ల సీరీస్ బల్బు (ట్రాన్స్‌ఫార్మర్‌తో వరుసలో కలిపిన బల్బు) ద్వారానే.

రోజంతా వైండింగ్ చేసే దుకాణానికి ఈ మెషిన్ చాలదు. నెలకు ఒకటో రెండో చుట్టుకునేవారు, కౌంటర్‌ను నమ్మకుండా ఉండగలిగితే, నిశ్చింతగా కొనుక్కోవచ్చు.