బైర్లూటి దాకా వెళ్తే రోళ్ళపాడు కూడా చూడండి

కర్నూలు వైపు నుంచి నల్లమల చూడాలనుకునేవాళ్ళకు ఆత్మకూరు దగ్గరున్న బైర్లూటి క్యాంపు మంచి బస. గుడారాలు, కాటేజీలు ఉన్నాయి, భోజనం అక్కడే. సఫారీ జీపులో మాతో వచ్చిన చెంచు గైడు ఒక మద్దిచెట్టు బెరడు మీద లోతుగా దిగిన గోళ్ళ గీతలు చూపించి, తేనెపట్టు కోసం ఎలుగుబంటి ఎక్కిందన్నాడు. అతను చెప్పకపోతే ఆ చెట్టు దాటి వెళ్ళిపోయేవాళ్ళం. ఈ అడవి 3,700 చదరపు కిలోమీటర్లు దాటిన పులుల అభయారణ్యం. పులి కనబడుతుందన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. వారాంతాల్లో గదులు దొరకవు, ముందే బుక్ చేసుకోవాలి.

నా లెక్కలో ఇంతకన్నా ముఖ్యంగా చూడాల్సింది నందికొట్కూరు పక్కనున్న రోళ్ళపాడు. ఆరు చదరపు కిలోమీటర్ల గడ్డిమైదానం. 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసమే దీన్ని అభయారణ్యం చేశారు. మగది 15 కిలోల దాకా తూగే పక్షి. మామూలుగా ఏడాదికి ఒకటే గుడ్డు, అదీ నేల మీదే పెడుతుంది. ఇప్పుడది ఇక్కడ కనబడటం లేదు, ఆ బాధ అక్కడ నిలబడితే తెలుస్తుంది. కంచె లోపలి గడ్డిని కాపాడారు గానీ, పిట్ట తిరిగేది చుట్టుపక్కల బీళ్ళలో, మెట్ట చేలల్లో కూడా. సాగునీరు వచ్చి పంటలు మారాయి, బీళ్ళు కరిగిపోయాయి. మరోపక్క కృష్ణజింకలు పెరిగి చేలమీద పడేసరికి రైతులకు అభయారణ్యమంటేనే కోపం వచ్చింది. పంట పోయిన రైతుకు పరిహారం వెంటనే అందితేనే గడ్డి నేలలు బతుకుతాయి. పైగా వాటిని బంజరు అని రాసిపెట్టడం మానాలి.

చలికాలంలో వెళ్ళండి. పొద్దున్నే అయితే జింకలు దగ్గరగా కనబడతాయి. ఒక నల్లటి మగజింక మెలితిరిగిన కొమ్ములు వీపుకు ఆనేలా తల పైకెత్తి, ఆడజింకల చుట్టూ గర్వంగా తిరగడం చాలాసేపు చూశాం. సాయంత్రమైతే వలస వచ్చిన పిల్లిగద్దలు రాత్రి నిద్రకు ఆ గడ్డిలోకే దిగుతాయి.

మైదానంలో తినడానికి ఏమీ దొరకదు. టిఫిన్, నీళ్ళు కట్టుకెళ్ళాలి, టోపీ తప్పనిసరి. దగ్గర్లో మేం దిగిన లాడ్జిలో లారీ హారన్ల మోతకు నిద్ర పట్టలేదు. పిల్లలుంటే కర్నూలులోనే దిగి, చీకటితో బయల్దేరడం మేలు. డ్రైవరుకు ముందే చెప్పండి, బండి బాట దిగకూడదు. భరతపిట్టల గూళ్ళు నేల మీదే ఉంటాయి.