గదిలోకి సైకిల్ రానిస్తారా?

లాడ్జికి ఫోన్ చేస్తే నేను ముందుగా అడిగే మాట ఇదే. అద్దె సంగతి ఆ తర్వాత.

నెలకు ఒక 200 కిలోమీటర్ల రైడ్ తప్పకూడదని పెట్టుకుని ఇది మూడో ఏడాది. ఇంటి దగ్గరుంటే హైదరాబాద్ చుట్టుపక్కల, పెళ్లికో పనికో ఊరెళ్తే అక్కడ. వీలు దొరికితే బీఆర్‌ఎంలకు, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లకు, వెళ్తాను. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ పద్ధతి అది: 200కి 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. పోటీ ఉండదు, వెనకాల సాయానికి కారు రాకూడదు, టైరు పోయినా ఆకలేసినా ఎవరి తంటాలు వాళ్లవే. నవంబర్ నుంచి అక్టోబర్ లోపు ఈ నాలుగూ పూర్తిచేస్తే సూపర్ రాండనార్ అనే బిరుదు. నాకు 400 దాకా అయింది, 600 బాకీ ఉంది.

ఉప్పల్‌లో మా ఇంటి నుంచి ఎల్బీనగర్ మీదుగా విజయవాడ హైవే ఎక్కి, నకిరేకల్ దాకా వెళ్లి వస్తే 200 దాటుతుంది. నాలుగింటికి బయల్దేరితే చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేట్ చేరేసరికి తెల్లారుతుంది. అక్కణ్నుంచి చిట్యాల, నార్కట్‌పల్లి, దారి పొడుగునా ఇడ్లీ, టీ, మనుషుల అలికిడి. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు మొదటి 200 కోసం నేను ఈ దారే చెప్తాను. ఒక్క గాలి లెక్క మాత్రం తెలిసుండాలి. వానాకాలం గాలి పడమటి నుంచి వీస్తుంది. పోయేటప్పుడు వీపు మీద చెయ్యేసి తోస్తున్నట్టుంటుంది, నకిరేకల్‌లో బండి తిప్పగానే అసలు రైడ్ మొదలవుతుంది. మొదటి ఏడాది జులైలో అది తెలియక నార్కట్‌పల్లిలో తీరుబడిగా టిఫిన్ చేశాను. ఇల్లు చేరేసరికి 14 గంటలు దాటింది. ఇప్పుడు ఆ నెలల్లో సగం దూరం అయిదున్నర గంటల్లో అయిపోవాలని పెట్టుకుంటాను, మిగతా ఎనిమిది గంటలూ ఎదురుగాలికే.

ఈ హైవే మీద పంక్చర్లకు గాజు పెంకుల కన్నా పెద్ద కారణం ఇంకోటుంది. లారీ టైర్లు పేలినప్పుడు వాటిలోని సన్నటి ఇనుప తీగలు రోడ్డు అంచున రాలిపోతాయి. తల వెంట్రుకంత ఉంటాయి, కంటికి ఆనవు. చిట్యాల దాటాక ఒకసారి ట్యూబు మార్చిన పది నిమిషాలకే మళ్లీ గాలి దిగిపోయింది. వేపచెట్టు కింద కూర్చుని టైరు లోపల వేలితో మెల్లగా తడుముకుంటూ పోతే, ఒకచోట చర్మానికి చురుక్కుమంది. పళ్లతో పట్టినా రాలేదు. చివరికి బ్యాగులో కనుబొమ్మలకు వాడే ప్లక్కర్ ఉందని గుర్తొచ్చింది, దాంతో లాగితే వచ్చింది, అర సెంటీమీటరు కూడా లేదు. అప్పట్నుంచి ఆ ప్లక్కర్ టూల్‌కిట్‌లోనే ఉంటుంది. పక్కనే ఇంకోటి, ఇత్తడి అడాప్టర్. మన సైకిళ్ల సన్నటి వాల్వుకు హైవే పంక్చర్ షాపుల గాలి గొట్టం పట్టదు, అది బిగిస్తే పడుతుంది. చాలా చవక.

పెట్రోల్ బంకుల టాయిలెట్ల గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. బోర్డు చాలా చోట్ల ఉంటుంది, తాళం కూడా. తాళం చెవి అడిగితే "లేదమ్మా" అన్న బంకులూ ఉన్నాయి, "కూసో అక్కా, నీళ్లు పట్టి తెస్త" అని బకెట్ మోసుకొచ్చిన అమ్మాయి ఉన్న బంకూ ఉంది. ఆ రెండో బంకు నా దారిలో శాశ్వతంగా ఒక మజిలీ.

ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ సైకిల్ ట్రాక్ గురించి అడుగుతుంటారు. మొత్తం 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల నీడ, వాహనాల భయం లేదు. వారం మధ్య సాధనకు, పిల్లలకు చాలా మంచిది. 200 కోసం మాత్రం వద్దు. నాలుగో చుట్టుకే మనసు విరిగిపోతుంది.

శ్రీశైలం దారి వేరే లోకం. తుక్కుగూడ, కల్వకుర్తి, డిండి దాటి మన్ననూరు దగ్గర అడవి మొదలవుతుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసేస్తారు. రాత్రి 9 దాకా తెరిచే ఉంటుందిలే అనుకుంటే సైకిల్‌కు కుదరదు, మధ్యాహ్నం ఒంటిగంటకైనా గేటు దాటకపోతే చీకట్లో ఘాట్ దిగాలి. అరటిపండ్లు బయటికి కనిపించేలా పెట్టుకోకండి, కోతులు బ్యాగు జిప్పు కూడా తీస్తాయి. దోమలపెంట దాటి డ్యామ్ దాకా మలుపులు మలుపులుగా దిగి, కృష్ణ అవతల మళ్లీ సున్నిపెంట వైపు ఎక్కాలి. రెండొందలు తొక్కిన కాళ్లకు ఆ ఎక్కుడు పరీక్షే. బస మాత్రం ఈ దారిదే బాగుంటుంది. సత్రంలో సైకిల్ చూసి అభ్యంతరం చెప్పకపోగా, వాచ్‌మన్ తానే ఎత్తి మెట్లెక్కించాడు. మంచం గట్టిది, దుప్పటి పలచన. అయినా ఆ రాత్రి మొద్దులా పడి నిద్రపోయాను.

ఇక అరకు. బస్సు డిక్కీలో సైకిల్ వేసుకుని విశాఖ వెళ్లాను. దిగాక చూస్తే గేరు హ్యాంగర్, అంటే వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క, వంగి ఉంది, మీద సూట్‌కేసులు పడేశారు. వెనక పెద్ద పళ్లచక్రం మీదికి చైను ఎక్కదు, ఘాట్‌లో కావలసింది అదే. పెందుర్తి వైపు ఒక చిన్న రిపేరు షాపాయన పావుగంట శ్రమపడి సరిచేసి, యాభై రూపాయలే తీసుకున్నారు. ప్రతి మోడల్‌కూ హ్యాంగర్ వేరు, కాబట్టి ఊరు దాటేవాళ్లు తమ బండిది ఒకటి అదనంగా పెట్టుకోవాలి.

కొత్తవలస, ఎస్.కోట దాకా పచ్చని చదును. బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలై అనంతగిరి కాఫీ తోటల మీదుగా గాలికొండ దాకా సాగుతుంది. ఎక్కడా గుండె ఆగేంత నిటారు కాదు, ఆగకుండా సాగడమే కష్టం. మలుపుల దగ్గర టూరిస్టు కార్లకు చోటిచ్చి ఆగడం మంచిది. అరకులో నేను ముందే డబ్బు కట్టిన లాడ్జి వాళ్లు సైకిల్ గదిలోకి వద్దు, బయట కారు పార్కింగ్‌లో పెట్టమన్నారు. ఫోన్‌లో సరే అన్నవాళ్లే. డబ్బు తిరిగివ్వలేదు. చీకటి పడుతుండగా ఊరి చివర గదులు అద్దెకిచ్చే ఒకావిడ ఇంటికి వెళ్లాను.

"ఏటమ్మా, ఒక్కర్తివే వచ్చేసినావా?" అంటూ ఆవిడ టైర్ల మట్టి చూసి, గోనెసంచి తెచ్చి మంచం పక్కన పరిచింది. సైకిల్ దాని మీద ఆనించాక, వేడినీళ్లు, అన్నం, టమాటా పప్పు. పొద్దున నాలుగున్నరకు బయల్దేరతానంటే నాలుగింటికే పొయ్యి వెలిగించి రాగి అంబలి ఇచ్చింది. గది అద్దె లాడ్జిలో సగం కూడా లేదు. సీజన్లో, అంటే డిసెంబర్, జనవరి శని ఆదివారాల్లో, అక్కడ అద్దెలు బాగా పెరుగుతాయి, వారం మధ్యలో వెళ్లండి.

గదికి ఫోన్ చేసినప్పుడు ఇప్పుడు మూడు అడుగుతాను: సైకిల్ గదిలోకి రానిస్తారా, రాత్రి పదికి వచ్చినా వేడినీళ్లు ఉంటాయా, పొద్దున నాలుగింటికి తలుపు ఎవరు తీస్తారు. మొదటిదానికి సరే అంటే, ఆ మాట వాట్సాప్‌లో కూడా రాసి పంపమంటాను. వచ్చే నెల 300 మళ్లీ ఆ కొండల్లోనే. ఆవిడకు నిన్ననే ఫోన్ చేశాను. అడగకముందే, సంచి ఉతికి ఆరేసి ఉంచానంది.