మూడేళ్ళుగా గేదెలతోనే మా గుర్రాలకు పని నేర్పుతున్నాం

రోజూ గుర్రం ముందు కదలాలంటే ఆవులకు మొహం మొత్తుతుంది, గేదెలకు మొత్తదు. మూడేళ్ళు వాటితో పనిచేశాక నేను గట్టిగా చెప్పగలిగేది ఈ ఒక్కటే. దీనికోసమే వాటి మిగతా పేచీలన్నీ భరిస్తున్నాను.

ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్‌లోని టామ్‌వర్త్ వైపు నేను పనిచేసే చోట ఏటా ఏడెనిమిది స్టాక్ హార్స్ (పశువులను తోలే జాతి గుర్రం) పిల్లలను క్యాంప్‌డ్రాఫ్ట్‌కు తయారు చేస్తాం. గుర్రం మీద వెళ్ళి మందలోంచి ఒక పశువును విడదీసి, గీసిన దారిలో దాన్ని తిప్పే పోటీ అది. 100 మార్కుల్లో 70 గుర్రం పనికే పోతాయి. అంటే పశువు ఆగితే ఆగడం, తిరిగితే తిరగడం గుర్రం ఒంటికి పట్టాలి. అలా పట్టాలంటే రోజూ ఒకే తీరుగా కదిలే పశువు కావాలి.

ఆవు పెయ్యలతో ఆ కోరిక తీరదు. మొదటిరోజు బెదిరి కంచె వెంట పరుగులు పెడతాయి. తర్వాత రెండు మూడు రోజులు బాగుంటాయి. వారం తిరిగేసరికి ఓ మూలకు చేరి, గుర్రం మీదికొచ్చినా కాలు కదపవు. మళ్ళీ కొత్తవి తేవాలి. కరువు ఏడాదిలో కొత్తవి ఎక్కడినుంచి వస్తాయి?

మా నాలుగు గేదెలు మూడేళ్ళ నుంచీ అవే. చిత్తడి జాతి. మన ముర్రాలా మెలితిరిగిన కొమ్ములు కావు, వెనక్కి వెడల్పుగా సాగే కొమ్ములు. అన్నిటికంటే పెద్దది ముట్టె చాపి గుర్రాన్ని నిదానంగా చూస్తుంది. తిరగబోయే ముందు ముందుకాళ్ళ మీద బరువు తగ్గించి, వెనక్కి వాలుతుంది. ఆ అరక్షణం చాలు, పిల్ల గుర్రానికి ఆలోచించుకునే వీలు దొరుకుతుంది. ఆవుతో ఆ వీలుండదు. ఆవు తిరిగిపోయాక గానీ తిరిగిందని తెలియదు.

ముందు గేదెలకే నేర్పాలి. మొదటి రెండు వారాలు చిన్న యార్డ్‌లో, అంటే కంచె వేసిన దొడ్డిలో, కాలినడకనే. అది మనం అనుకున్న వైపు రెండడుగులు వేసిందా, వెంటనే మనం వెనక్కి తగ్గాలి. కదిలితే వదిలేస్తారని దానికి అర్థం కావాలి. తర్వాత ముసలి గుర్రం మీద వెళ్ళాం. ఆ తర్వాతే పిల్ల గుర్రాల్ని దించాం. చేత్తో మేత పెట్టొద్దు, మెడ కింద గోకొద్దు. ఇది నాకు కష్టమైన నియమం, ఎందుకంటే చిన్నప్పుడు మా ఇంట్లో గేదెను చూస్తే ముందు చెయ్యి మెడ కిందికే పోయేది. మచ్చికైన గేదె గుర్రాన్ని చూసి కదలదు, దగ్గరికొచ్చి వాసన చూస్తుంది.

రెండో ఏడాది జనవరిలో జరిగింది చెప్పాలి. ఇక్కడ జనవరి అంటే నడి ఎండాకాలం. మూడేళ్ళ ఎర్ర ఆడగుర్రం ఒకటి నెలరోజులుగా బిగుసుకుపోయి ఉండేది. ఆరోజు మొదటిసారి కళ్ళెం వదులు చేసినా తనంతట తానే గేదెను అడ్డుకుంది. నాకు ఆనందం పట్టలేదు. తొమ్మిది దాటింది, ఎండ ముదిరింది, ఇంకొక్క రెండు తిప్పులు అనుకున్నాను. పెద్ద గేదె నోరు తెరిచి, నురగ కారుస్తూ నిలబడింది. చూశాను. చూసి కూడా మళ్ళీ అదిలించాను.

అది గుర్రం వైపు చూడలేదు. నేరుగా గేటు దగ్గరికి నడిచి, కింది గొట్టం కింద కొమ్ము పెట్టి ఎత్తింది. గేటు బందులోంచి ఊడి పడింది. నాలుగూ డ్యామ్ వైపు, అంటే మా పొలంలోని నీటి గుంట వైపు పోయాయి. గేటు పడ్డ చప్పుడుకు ఎర్రది బెదిరి వాటి వెనకే ఉరికింది. ఎంత లాగినా ఆగలేదు. గట్టు మీది జిగట మట్టిలో ముందుకాళ్ళు జారి మోకాళ్ళ మీద పడింది. నేను దాని మెడ మీదుగా పడ్డాను. దాని మోకాళ్ళ చర్మం లేచిపోయింది. ఆరు వారాలపాటు నల్లగా ఏది కదిలినా వణికేది. నెలరోజుల కష్టం పది నిమిషాల్లో పోయింది.

ఆ సాయంత్రం అమ్మతో ఫోన్‌లో చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎండలో గేదెను తోలకూడదని నీకు నేను చెప్పాలా నాయనా?" అంది. చెప్పక్కర్లేదు. ఆ నల్లటి ఒంటికి చెమట సరిగా పట్టదని, మధ్యాహ్నానికి చెరువులో ఉండాల్సిందేనని బడికి పోకముందు నుంచే తెలుసు. తెలిసీ చేశాననే బాధ ఇంకా పోలేదు. ఇప్పుడు ఎండాకాలంలో ఐదింటికి మొదలుపెట్టి ఏడున్నరకల్లా వదిలేస్తాం. గుర్రం ఎంత బాగా చేస్తున్నా సరే.

ఇంకొకటి. మొదటి ఏడాది అడిగినవాళ్ళందరికీ, గేదెలుంటే ఆవులతో పని లేదని చెప్పాను. ఆ మాట పూర్తిగా నిజం కాదు. గేదెల దగ్గరే పూర్తిగా నేర్చిన మా గుర్రం ఒకటి మొదటి పోటీలో చురుకైన కోడె ముందు ప్రతి తిప్పులోనూ వెనకబడింది. దానికి పని తెలుసు, ఆ వేగమే తెలియదు. అందుకని పోటీకి ఐదారు వారాల ముందు ఆవుల మీదికి మారుస్తున్నాం. పునాదికి గేదె, పదునుకు ఆవు.

మాకు కుదిరింది కాబట్టి మీకూ కుదురుతుందని అనను. మా యార్డ్ పక్కనే డ్యామ్ ఉంది. దగ్గర్లో గొర్రెలు లేవు. ఇది చిన్న విషయం కాదు, గొర్రెల నుంచి గేదెలకు సోకే ప్రాణాంతకమైన జ్వరం ఒకటుంది. వారం వారం కొత్త మంద వచ్చే పెద్ద స్టేషన్‌లో (పశువుల పెంపకం జరిగే పెద్ద క్షేత్రంలో) ఉన్నవాళ్ళకైతే ఇవి అక్కర్లేదేమో. రెండు మూడు పిల్ల గుర్రాలను తీరిగ్గా తయారు చేసుకునేవాళ్ళకు మాత్రం రెండు గేదెలు చాలు. మగవాటి జోలికి పోవద్దు. చేత్తో పాలు తాగించి పెంచినవి చవగ్గా ఇస్తామన్నా, అవి మనిషిని చూసి పక్కకు తప్పుకుంటాయో లేదో చూశాకే కొనండి.

వచ్చే శీతాకాలానికి ఇంకో రెండు తెద్దామనుకుంటున్నాం. డ్యామ్‌లో నీళ్ళు ఇలాగే ఉంటేనే.