అలర్ట్ సరే, సామాను ఎన్ని రోజులకు వస్తుంది? మా లాడ్జి స్మార్ట్ మెయింటెనెన్స్ సిస్టమ్, దాదాపు మూడేళ్ల వాడకం తర్వాత

తిరుపతి రైల్వే స్టేషన్‌ నుంచి నడిచి వచ్చేంత దూరంలో ఉన్న 62 గదుల లాడ్జికి నేను మేనేజర్‌ని. 2023 మార్చిలో పంపులు, లిఫ్టు, జనరేటర్, ట్యాంకులకు సెన్సర్లు పెట్టించి ఈ సిస్టమ్ తీసుకున్నాం. ఫోన్‌లో అలర్టులు వస్తాయి, రిపోర్టులు వస్తాయి. అవన్నీ ఇప్పుడు ఏ కంపెనీ అయినా ఇస్తోంది కాబట్టి వాటి గురించి రాయను. నాకు నచ్చినది యాప్‌లో విడి సామాన్ల లెక్క ఉండే స్టోర్ పేజీలో మూలన ఉన్న ఒక్క కాలమ్. ఏ సామాను ఆర్డర్ పెడితే ఎన్ని రోజులకు చేతికొస్తుందో చూపించే కాలమ్ అది. మొదటి ఏడాదిన్నర దాన్ని మేం ఖాళీగా వదిలేశాం. అందుకు ఏం అనుభవించామో చెబుతాను.

2024 సెప్టెంబర్ 21న ఒకటో నంబర్ ప్రెషర్ పంపు వైబ్రేషన్ పెరిగిందని అలర్ట్ వచ్చింది. మోటారు, పంపు ఒకటిగా ఉండే 7.5 హెచ్‌పీ మోనోబ్లాక్ పంపు అది. ఎప్పుడూ సెకనుకు 1.1 మిల్లీమీటర్ల దగ్గర ఉండేది, ఆ రోజు 2.4 చూపించింది. యంత్రాల వైబ్రేషన్‌కు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 10816 లెక్కలో ఇంత చిన్న మోటారుకు 1.8 దాకా ఇబ్బంది లేదు, 4.5 దాటితే నడపకూడదు. అంటే ఇంకా టైముంది. మా ప్లంబర్ చూసి, ‘సీల్ దగ్గర చెమ్మ వస్తా ఉంది సార్, మార్చేద్దాం’ అన్నాడు. సీల్ అంటే తిరిగే షాఫ్టు వెంట నీళ్లు కారకుండా ఆపే భాగం. ఆ రోజే ఇండెంట్, అంటే సామాను కావాలనే చీటీ, రాశాం.

మా పద్ధతి ప్రకారం ఏది కొనాలన్నా మూడు కొటేషన్లు ఉండాలి. మూడోది 27న వచ్చింది. ఓనరు గారు బెంగళూరులో ఉన్నారు, 30న వచ్చి సంతకం పెట్టారు. అక్టోబర్ 1న కోయంబత్తూరుకు ఆర్డర్ వెళ్లింది. 7న పార్శిల్ అందింది. విప్పి చూస్తే 32 మిల్లీమీటర్ల సీల్! మా షాఫ్టు 35. ఇండెంట్‌లో ‘7.5 హెచ్‌పీ పంపు మెకానికల్ సీల్’ అని మాత్రమే ఉంది, సైజు లేదు. రేటు తక్కువని ఆర్డర్ ఇచ్చాం, వాళ్లకు తోచిన సైజు పంపారు.

మర్నాడు గరుడ సేవ. ఆ రోజు ఘాట్ రోడ్డులో టూవీలర్లను పోనివ్వరు. కింద ఊళ్లో జనం కిక్కిరిసి ఉంటారు, మాకు ఒక్క గది ఖాళీ ఉండదు. సాయంత్రం ఏడు గంటలకు సీల్ పూర్తిగా పోయింది. నీళ్లు షాఫ్టు వెంట బేరింగులోకి దిగాయి, మోటారు ట్రిప్ అయింది. రెండో పంపు ఒక్కటే మూడు, నాలుగు అంతస్తులకు ప్రెషర్ ఇవ్వలేకపోయింది. తెల్లవారుజామున దర్శనానికి బయలుదేరాల్సిన కుటుంబాలు, చంటిబిడ్డలు. నాలుగో అంతస్తులో ఒకావిడ తలుపు దగ్గర నిలబడి, ‘బిడ్డకు నీళ్లు పోయాలన్నా, ఒక్క బకెట్ ఇప్పించండి’ అని అడిగింది. రాత్రి రెండింటి దాకా ఆఫీసు కుర్రాళ్లతో కలిసి నేనూ సంపు నుంచి బకెట్లు మోశాను. పదిహేడు రోజుల ముందే నా ఫోన్‌కు అలర్ట్ వచ్చింది. అది గుర్తొచ్చినప్పుడల్లా ఈరోజుకీ మనసు బాధపడుతుంది.

పండగ అయ్యాక కంపెనీ సర్వీస్ కుర్రాడు వచ్చి ఆ కాలమ్ ఎలా నింపాలో చూపించాడు. ఇండెంట్ తేదీ, కొటేషన్లు అందిన తేదీ, సంతకం తేదీ, ఆర్డర్ తేదీ, సామాను చేరిన తేదీ అన్నీ వరుసగా వేయాలి. మా పాత కాగితాలన్నీ అందులో ఎక్కించాం. అప్పుడు తెలిసింది, ఆ 16 రోజుల్లో 10 రోజులు పని మా లాడ్జి గడప దాటనే లేదు! నేను అన్నాళ్లూ సప్లయర్లనే తిట్టుకుంటున్నాను.

ఆ పేజీ ప్రింటు తీసి ఓనరు గారి ముందు పెట్టాను. ఆయన కాసేపు చూసి, ‘పది రోజులు మన దగ్గరేనా?’ అన్నారు. ఆ నెలలోనే 14 రకాల సామాన్లకు ఏడాది రేటు కాంట్రాక్టు రాసుకున్నాం. వాటికి మళ్లీ కొటేషన్లు అక్కర్లేదు. ప్రతి సామానుకు సైజు, పార్ట్ నంబర్ యాప్‌లోనే ఉంటాయి, ఇండెంట్‌లో అవే పడతాయి. ఊళ్లో బేరింగు షాపులో గంటలో దొరికే 6308 బేరింగును స్టోర్‌లో పెట్టడం మానేశాం. వారం పట్టే సీల్స్ మాత్రం ఎప్పుడూ రెండు ఉంటాయి. 2025 సెప్టెంబర్ 9న అదే పంపుకు మళ్లీ అలర్ట్ వచ్చింది. పొద్దున చూసి మధ్యాహ్నానికల్లా సీల్ మార్చేశారు. 28న గరుడ సేవ రాత్రి నేను లాడ్జిలో ఒక్క బకెట్ కూడా చూడలేదు. ఆ సంతోషం ఇంతా అంతా కాదు.

అయితే ఆ కాలమ్ దానంతటది నిండదు. స్టోర్ కీపర్ కూతురి పెళ్లికి సెలవు పెట్టినప్పుడు రెండు నెలలు ఎవరూ తేదీలు వేయలేదు, అక్కడి అంకెలు పనికిరాకుండా పోయాయి. మొదట్లో నేను అందరికీ పొగిడి చెప్పిన ట్యాంకు లెవెల్ సెన్సర్లు కూడా మా బోరు నీళ్లకు నిలవలేదు. సున్నం పేరుకుని 2025 మేలో ఒకటి ఆగిపోయింది. వేరే కంపెనీది కొందామంటే సెన్సర్లు కలిపే వీళ్ల పెట్టెకు వీళ్ల సెన్సరే అతుకుతుందట. కొత్తది రావడానికి ఐదు వారాలు పట్టింది, అన్నాళ్లూ ప్లంబర్ మేడెక్కి కర్రతో లోతు కొలిచాడు. యంత్రాలు ఒకదానికొకటి సమాచారం పంపుకోవడానికి 1979లో వచ్చిన మోడ్‌బస్ లాంటి అందరూ వాడే పద్ధతిలో పనిచేసేవే కావాలని పర్చేజ్ ఆర్డర్‌లో ఒక్క లైను రాసి ఉంటే ఈ గోడు ఉండేది కాదు. కొనేటప్పుడు మేం రేటు చూశాం, విడిభాగాల సంగతి అడగలేదు. మీరు తీసుకునేట్టయితే ఆ లైనుతో పాటు విడిభాగాల ఐదేళ్ల ధరల జాబితా కూడా ఆర్డర్‌లోనే రాయించుకోండి.

మాకు జీతం ఇచ్చి పెట్టుకున్న స్టోర్ కీపర్ ఉన్నాడు, నా మాట వినే ఓనరు ఉన్నారు, ఏటా బ్రహ్మోత్సవాల గడువు ఉంటుంది. అందుకే మాకు పనికొచ్చింది. ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు ఇంత ఖర్చు గిట్టుబాటవుతుందా అంటే నేను గట్టిగా చెప్పలేను. అక్కడ పుస్తకంలో అవే ఐదు తేదీలు రాసుకున్నా సరిపోవచ్చు.

మార్చిలో రెన్యువల్ ఉంది. స్టోర్ భాగం కొనసాగిద్దాం, సెన్సర్ల ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) మాత్రం వద్దని ఓనరు గారికి రాసిచ్చాను. రెండూ విడదీసి ఇవ్వలేమని కంపెనీ వాళ్లు అంటున్నారు. ఇంకా మాట్లాడుతున్నాం.