ఇంగ్లండ్ పార్టులని నమ్మి 34 వేలు పెట్టా, పాత మాసీ 35 ఉన్నోళ్లు చూసుకోండి

చిత్తూరు, తిరుపతి వైపు పాత మాసీ ఫెర్గూసన్ 35 ట్రాక్టర్లు బాగు చేసుకుంటున్న వాళ్లకి ముందే చెప్తున్నా. "ఇంగ్లండ్ ఒరిజినల్ అన్నా" అని ఎవరన్నా డైనమోనో (బ్యాటరీకి కరెంటు ఇచ్చేది), డీజిల్ పంపో (ఇంజన్‌కి డీజిల్ కొట్టేది) చూపిస్తే, దాని మీద పెయింటు గీకి నంబరు చూడకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు. నేనిచ్చా. పంపుకి 26 వేలు, డైనమోకి 8 వేలు.

బండి మా నాయనది. దామలచెరువు దగ్గర మామిడితోట, తోతాపురి కొమ్మలు బాగా కిందికి దిగి ఉంటాయి, ఇప్పటి పెద్ద బండ్లు పోతే కాయలు రాలతాయి, ఈ 35 అయితే ఎత్తు తక్కువ కాబట్టి తోలేవాడు కాస్త తల వంచుకుంటే చాలు. నాయన పోయినాక ఆరేళ్లు షెడ్డులో ఊరికే పడుంది. దాన్ని కంపెనీ నుంచి దిగినట్టే చేద్దామని నా పిచ్చి. ఆ డబ్బుతో డ్రిప్పు పైపులు మార్చుకోవచ్చు కదా అని మా ఇంటామె అప్పుడొక్కసారే అనింది, ఇప్పుడైతే రోజూ అంటోంది.

అమ్మినాయన పేరు, ఊరు ఇక్కడ రాయను. వాట్సాప్‌లో ఫొటోలు పంపినాడు, పచ్చ చారల దుప్పటి మీద పెట్టి తీసినవి, పంపూ డైనమో రెండూ తళతళ మెరిసిపోతున్నాయి. "రెండూ ఒకే బండివి సార్, 1962 మాడల్, ఇంగ్లండ్ నుంచి వచ్చినప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లే" అన్నాడు. ఫోన్లోనే 10 వేలు అడ్వాన్సు వేసేశా. మిగతాది తిరుపతి బస్టాండు దగ్గర సామాను చేతికిచ్చినప్పుడు ఇచ్చినా. అక్కడే ఒక అర్ధగంట కూర్చుని చూసుకుని ఉంటే ఈ గొడవే లేదు, కానీ ఆయనకి బస్సు టైమంట, నాకూ తొందరే.

ఇంటికొచ్చి డైనమో బిగిద్దామని మా మేస్త్రి బోల్టు తిప్పితే రెండు మరలు ఎక్కి పట్టేసింది. ఆయన వెంటనే తీసి, "ఇది అంగుళాల మర కాదు సామీ, మిల్లీమీటర్ల మర" అన్నాడు. ఇది తెలుసుకోవాల్సిన సంగతి. ఆ కాలం ఇంగ్లండ్ బండ్లలో బోల్టులు అంగుళాల లెక్క. 5/16 అంగుళాల బోల్టు లావు 7.94 మిల్లీమీటర్లు, మన 8 ఎంఎం బోల్టు చేత్తో పట్టుకుంటే రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ 5/16 సన్న మరకి అంగుళానికి 24 చుట్లు, అంటే చుట్టుకీ చుట్టుకీ మధ్య ఒక మిల్లీమీటరు కంటే కొంచెమే ఎక్కువ, 8 ఎంఎం దానికి 1.25. బలవంతంగా తిప్పితే పార్టు మర పోతుంది. స్పానర్‌తో కూడా పట్టుకోవచ్చు. 3/8 బోల్టు తలకి 9/16 స్పానర్ పడుతుంది, అది 14.29 మిల్లీమీటర్లు, కాబట్టి 14 స్పానర్ ఎక్కదు, 15 స్పానర్ వదులుగా జారిపోతుంది. అమ్మేవాడు అలాంటి చోట 17 స్పానర్ వేసి చక్కగా విప్పుతున్నాడంటే ఆ బోల్టులు ఇంగ్లండ్‌వి కావు. బోల్టు ఎవరన్నా మార్చి ఉండొచ్చు, అది వేరే మాట. కానీ బొక్కలోని మరే వేరేగా ఉంటే ఇంకేం మిగిలింది?

అమెరికాలో మా చిన్నాయన కొడుకు ఉన్నాడు, వాడికి పాత గార్డెన్ ట్రాక్టర్ల పిచ్చి, పెరట్లో మూడు పెట్టుకున్నాడు. రాత్రి వీడియో కాల్‌లో చూపిస్తే, "అన్నా, ముందు థిన్నర్ తీసుకుని ఆ పెయింటంతా కడుగు" అన్నాడు. వాళ్ల దగ్గర గార్డెన్ ట్రాక్టర్లకి ఉండే బ్రిగ్స్ కంపెనీ ఇంజన్ల మీద కోడు నంబరు కొట్టి ఉంటుందంట, మొదటి రెండు అంకెలు సంవత్సరం, తర్వాతి రెండూ నెల, ఆ తర్వాతివి తేదీ. 680512 అని మొదలైతే ఆ ఇంజన్ 1968 మే 12న తయారైందని. అమ్మేవాడు ఏ కథ చెప్పినా నంబరు చూస్తే తేలిపోతుంది. ఇంగ్లండ్ కంపెనీ లూకాస్ డైనమోల మీద కూడా బాడీకే మాడల్, పార్టు నంబరు, నెల, సంవత్సరం పంచ్ కొట్టి ఉంటాయి, అదీ వాడే చెప్పినాడు.

డైనమోని కడిగినాం. ఎర్ర పెయింటు కింద ఇంకో ఎర్ర పెయింటు, దాని కింద బూడిద రంగు, దాని కింద 9 67. అంటే 1967 సెప్టెంబరు. 1962 బండి నుంచి ఊడదీసిన డైనమో 1967లో ఎట్లా పుడుతుంది? అసలు ఇంగ్లండ్‌లో 35 తయారీ 1964లోనే ఆగిపోయి దాని స్థానంలో మాసీ 135 మాడల్ వచ్చింది. మధ్యలో ఎవరన్నా మార్చి ఉంటారంటే ఒప్పుకుంటా, కానీ "ఎట్లా వచ్చిందో అట్లే" అన్నది మాత్రం పచ్చి అబద్ధం.

పంపు సంగతి ఇంకా అన్యాయం. దాని మీద పేరు, నంబరు ఉండే ప్లేటు రివిట్లు చూడండి, మధ్యలో బొక్క ఉంటే అవి గన్నుతో కొట్టిన పాప్ రివిట్లు, తర్వాత ఎవరో వేసినవి కావచ్చు. నా పంపుకి అవే, అదీ కొత్త మెరుపుతో. రేణిగుంట రోడ్డులో డీజిల్ పంపులు చేసే ఆయన దగ్గరికి తీసుకుపోతే, ప్లేటు ఊడదీయకముందే నవ్వినాడు. బాడీ మీద ఒకచోట గ్రైండర్ పెట్టి అరగదీసి పైన పుట్టీ రాసినారు, గీకితే "ఇండియా" అన్న మాటలో సగం కనబడింది. అంటే మన దేశంలోనే తయారైన సీఏవీ బ్రాండు పంపు బాడీకి ఎక్కడిదో ఇంగ్లండ్ ప్లేటు తెచ్చి కొట్టినారు. మన దేశం పంపు చెడ్డదని కాదండీ, నిజం చెప్పి 9 వేలకి ఇచ్చి ఉంటే దండం పెట్టి తీసుకునేవాణ్ణి.

ఇంకొకటి. మీ బండి స్టీరింగ్ కింద ప్లేటు మీద నంబరు ముందు అక్షరాలు చూసుకుని, ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి. మాది ఎస్ఎన్ఎమ్. ఎన్ అంటే మూడు సిలిండర్ల డీజిల్, అంటే పెర్కిన్స్ కంపెనీ 3.152 ఇంజన్. అక్కడ డి ఉంటే నాలుగు సిలిండర్ల, స్టాండర్డ్ అనే కంపెనీ చేసిన పాత ఇంజన్. రెండూ 35లే, ఇంజన్లే వేరు, అందుకే "35దే సార్" అన్న మాట నిజమైనా మీకు పనికొస్తుందని కాదు. మాసీ పార్టు నంబర్ల చివర ఎమ్1 ఉంటే విడి పార్టు, ఎమ్91 ఉంటే పార్టులన్నీ కలిపి బిగించిన మొత్తం అసెంబ్లీ. విడి పార్టు నంబరు చూపించి అసెంబ్లీ రేటు అడిగినోడు కూడా తగిలినాడు, వాడి కథ ఇప్పుడు వద్దు.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే ముందు, "పాతదంటే పాతదే కదా సార్, ఏ ఊరిదైతే ఏమి" అన్నాడు. తర్వాత ఎత్తలేదు. మేస్త్రి తన ఫోన్ నుంచి చేసి గట్టిగా మాట్లాడితే డైనమో వెనక్కి తీసుకుని 6 వేలు వేసినాడు. పంపు మాత్రం "మీరు విప్పేసినారు" అని తీసుకోలేదు. అది నా షెడ్డులోనే ఉంది. బండికి దాని పాత పంపునే సీళ్లు మార్చి బిగించినాం, మొన్న తోటలో రెండు సాళ్లు తిరిగింది కూడా.

పోయిన వారం తెలిసినాయన ఒకరు నాకు ఒక ఫొటో పంపి, "ఇది తీసుకోవచ్చా?" అని అడిగినారు. అదే పచ్చ చారల దుప్పటి, అదే డైనమో, వెనక మూత అంచున చిన్న పెచ్చు ఊడింది కూడా అట్లే ఉంది. పెయింటు కొత్తగా వేసినారు. పంచ్ మాత్రం ఇప్పుడు 9 61 అని ఉంది.