తిరిగి రేవు చేరితేనే దోపిడీ: సముద్రపు దొంగల రోగ్‌లైక్‌లతో ఆరేళ్లు

ఓడలో ఇంధనం ఒక్క పీపా మిగిలింది. లండన్ రేవు ఇంకా దూరంలోనే ఉంది. తెర మీద నావికుల భయం వందకు ఎనభై దాటింది. దీపం వెలిగించి ఉంచితే భయం నెమ్మదిగా పెరుగుతుంది కానీ ఇంధనం త్వరగా అయిపోతుంది. ఆర్పేస్తే ఇంధనం ఆదా అవుతుంది కానీ చీకటిలో భయం పరుగు అందుకుంటుంది. నేను దీపం ఆర్పాను. భయం వందకు చేరగానే కళాసీలు తిరగబడ్డారు, వారాల తరబడి నడిపిన నా సరంగు కథ అక్కడితో ముగిసింది. ఆ సరంగుకు నేను పెట్టిన పేరు ఇప్పుడు గుర్తు లేదు కానీ ఆ ఒక్క పీపా మాత్రం గుర్తుంది. నేను చేసిన తప్పు దీపం దగ్గర జరగలేదని ఆ తరువాత చాలాసేపు ఆలోచించాక అర్థమైంది. రెండు దీవుల క్రితమే, ఓడలో సరుకు నిండుగా ఉన్నప్పుడే, వెనక్కి తిరగవలసింది.

ఆ కంప్యూటరు ఆట పేరు సన్‌లెస్ సీ. ఆరేళ్లుగా నేను వదలకుండా ఆడుతున్న సముద్రయాన రోగ్‌లైక్‌లలో, అంటే చనిపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసిన ఆటల్లో, అది మొదటిది. ఆ తరువాత అబాండన్ షిప్, పైరేట్స్ అవుట్‌లాస్, షిప్ ఆఫ్ ఫూల్స్, రోగ్ వాటర్స్ ఆడాను. వీటిలో కొన్ని అసలైన సముద్రపు దొంగల ఆటలు, కొన్నింటిలో దొంగతనం పక్కదారి మాత్రమే. అయినా అన్నింటినీ ఒకే కొలతతో చూస్తాను. దోచుకున్నది తిరిగి రేవు చేరే దాకా మనది కాదన్న సంగతిని ఆట నాకు ఎంత గట్టిగా గుర్తు చేస్తోంది అన్నదే ఆ కొలత.

రోగ్‌లైక్ అన్న పేరుకు మూలమైన రోగ్ 1980లో వచ్చింది. తెర మీద అక్షరాలతో గీసిన ఆ నేలమాళిగ ప్రతిసారీ కొత్తగా తయారయ్యేది, ఆటగాడు చనిపోతే మళ్లీ మొదటి మెట్టు నుంచే దిగాలి. ఈ రెండు నియమాలూ సముద్రపు దొంగల జీవితానికి ఇంతగా అతకడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. బార్తలమ్యూ రాబర్ట్స్ 1719లో దొంగల్లో చేరాడు, సుమారు నాలుగు వందల ఓడలను పట్టుకున్నాడని పేరు తెచ్చుకున్నాడు, 1722 ఫిబ్రవరిలో ఒక యుద్ధనౌక ఫిరంగి దెబ్బకు చనిపోయాడు. మొత్తం మూడేళ్లు కూడా లేవు. సామ్ బెల్లమీ సంగతి ఇంకా దారుణం. వైడా అనే ఓడను సొత్తుతో సహా పట్టుకుని, నిండా బరువుతో ఉత్తరానికి వెళుతూ 1717 ఏప్రిల్‌లో అమెరికా తీరంలోని కేప్ కాడ్ దగ్గర తుఫానులో మునిగిపోయాడు. ఆ సొత్తు 1984లో శిథిలాలు బయటపడే దాకా ఇసుకలోనే ఉంది. ఆటల భాషలో చెప్పాలంటే అది ఆఖరి రేవుకు రెండు గళ్ల ముందు ముగిసిన రన్, అంటే మొదలు నుంచి చావు దాకా సాగే ఒక ప్రయత్నం.

సన్‌లెస్ సీని ఫెయిల్‌బెటర్ గేమ్స్ 2015లో విడుదల చేసింది. భూమి కిందికి జారిపోయిన విక్టోరియా కాలపు లండన్, దాని చుట్టూ చీకటి సముద్రం, అక్కడక్కడా వింత దీవులు, ఒక్కో దీవిలో చదవవలసిన కథ. ఆట స్వరూపం ఇది. ఇందులో మనం వర్తకులం కావచ్చు, దొంగ రవాణా చేయవచ్చు, కనిపించిన ఓడను ముంచి దాని సరుకు తీసుకోవచ్చు. సరంగు చనిపోయాక కొత్తవాడు వచ్చినప్పుడు దీవుల అమరిక చాలావరకు మారిపోతుంది. పాతవాడి వారసత్వంగా ఏదో ఒకటి ఎంచుకోవచ్చు: దీవులు కదలకుండా పాత పటాన్నే నిలుపుకోవడం గానీ, డబ్బులో కొంత గానీ, ఒక ఆయుధం గానీ. నేను మొదట్లో ఎప్పుడూ డబ్బు వైపే వెళ్లేవాణ్ని. నాలుగో సరంగు దగ్గరకు వచ్చేసరికి పటమే అసలైన ఆస్తి అని తెలిసింది, ఎందుకంటే ఏ దీవి ఎటు ఉందో తెలిసినవాడికి ఎక్కడ వెనక్కి తిరగాలో కూడా తెలుస్తుంది.

ఈ ఆట మీద ఆటగాళ్లు తరచు చెప్పే ఫిర్యాదు ఒక్కటే: ఓడ నత్తనడక నడుస్తుంది. ఇది నిజం. మొదటి ఓడతో ఒక రేవు నుంచి ఇంకో రేవుకు వెళ్లడానికి పట్టే సమయంలో వేరే ఆటలో ఒక రన్ సగం పూర్తవుతుంది. పైగా సరంగు చనిపోయాక ముందే చదివిన కథలనే మళ్లీ చదవవలసి వస్తుంది. మొదటిసారి ఒళ్లు గగుర్పొడిచిన వాక్యాన్ని మూడోసారి కళ్లు దాటేస్తాయి. రోగ్‌లైక్ నియమానికీ, కథాప్రధానమైన రచనకూ మధ్య ఉన్న ఈ పేచీ ఈ ఆటలో తీరలేదు. చావును శాశ్వతం చేయకుండా, ముందు భద్రపరచుకున్న చోటు (సేవ్) నుంచి కొనసాగించే వీలు కూడా ఆటలోనే ఉంది. చాలామంది అలాగే ఆడతారు, వాళ్లను నేను తప్పుపట్టను. కానీ నెమ్మదితనం విషయంలో నా అభిప్రాయం వేరు. ఓడ వేగంగా వెళితే ఆ ఒక్క పీపా గురించి ఆలోచించే వ్యవధి ఉండదు. సముద్రం పెద్దదని ఆట మాటలతో చెప్పలేదు, నా చేత ఆ దూరమంతా నడిపించింది.

అబాండన్ షిప్ గురించి చెప్పవలసింది తక్కువే. 2012లో వచ్చిన అంతరిక్ష నౌకల రోగ్‌లైక్ ఎఫ్‌టీఎల్ పద్ధతిని తెరచాప ఓడలకు తెచ్చిన ఆట ఇది. 2019లో పూర్తిరూపంలో వచ్చింది. పాత తైలవర్ణ చిత్రంలా కనిపించే సముద్రం చూడముచ్చటగా ఉంటుంది. తెరచాపలు తెంచడానికి గొలుసు గుండ్లు, మనుషులను కూల్చడానికి చిన్న గుండ్ల గుత్తులు, ఇలా ఒక్కో పనికి ఒక్కో రకం మందుగుండు ఉంటుంది. ఇందులో నాకు నచ్చిన ఆలోచన పేరులోనే ఉంది: ఓడ మునిగినంత మాత్రాన ఆట ముగియదు, సరంగు ప్రాణాలతో ఉంటే చాలు. ఒకసారి నా ఓడ మునిగాక చిన్న పడవలో బయటపడి, ఏమీ లేని స్థితి నుంచి మళ్లీ ఓడ సంపాదించాను. ఆ గంటసేపు పడ్డ కష్టం ఆ ఆటలో నేను గెలిచిన ఏ యుద్ధం కంటే బాగుంది. అయితే ఎఫ్‌టీఎల్‌లో వెనుక నుంచి తరుముకొచ్చే తిరుగుబాటు నౌకాదళం మనల్ని ఎక్కడా నిలవనివ్వదు; ఇక్కడ ఆ తరుముడు నాకు అంతగా తగలలేదు. తీరిక దొరికితే దురాశకు పరీక్ష ఉండదు.

పైరేట్స్ అవుట్‌లాస్ నా ఫోనులో అన్నింటికంటే ఎక్కువ కాలం నిలిచిన ఆట. స్లే ద స్పైర్ తెచ్చిన కార్డుల పద్ధతిని దొంగల ఓడ మీదకు ఎక్కించిన ఈ ఆటను మొదట చూసినప్పుడు ఇది వేషం మార్చిన నకలేనని కొట్టిపారేశాను. తూటాల లెక్క అర్థమయ్యాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. స్లే ద స్పైర్‌లో ప్రతి వంతుకూ శక్తి తనంతట తానే నిండుతుంది. ఇక్కడ తూటాలు అలా నిండవు, నింపే కార్డు వాడితేనే వస్తాయి; వాడకుండా మిగిలినవి తరువాతి వంతుకు ఉంటాయి. కనుక ఈ వంతులో కాల్చాలా, దాచాలా అన్న ప్రశ్న ప్రతి నిమిషం ఎదురవుతుంది.

ఒక రన్ ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. దారిలో దొరికిన ప్రతి గొప్ప తుపాకీ కార్డునూ తీసుకున్నాను, తూటాలు నింపే నాసిరకం కార్డులను ఒక్కొక్కటిగా వదిలించుకున్నాను. నా కార్డుల కట్ట చూసుకుంటే మురిసిపోయేలా ఉంది. అధ్యాయం చివర ఎదురయ్యే పెద్ద శత్రువు (బాస్) ముందు నిలబడేసరికి చేతిలో ఉన్నవన్నీ తుపాకులే, తూటా ఒక్కటి లేదు. మూడు వంతుల పాటు ఏమీ చేయకుండా దెబ్బలు తిని చచ్చాను. ఆ తరువాతి రన్‌లో ఎంత మంచి తుపాకీ కనిపించినా ముందు నింపే కార్డులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకున్న తరువాతే చేయి చాచాను. దోపిడీకి హద్దు వేయడాన్ని ఇంత చిన్న యంత్రాంగంలో ఇమిడ్చిన ఆట నేను మరొకటి చూడలేదు.

దీని మీద ఉన్న ప్రధాన ఆరోపణ కీర్తి పాయింట్ల గురించి. కొత్త పాత్రలూ, కొత్త అధ్యాయాలూ తెరుచుకోవాలంటే ఆ పాయింట్లు పోగుచేయాలి, అందుకు తెలిసిన దారిలోనే పదే పదే తిరగాలి. కొందరు ఆటగాళ్లు దీన్ని చాకిరీ అంటారు, ఆ మాటలో అతిశయోక్తి ఏమీ లేదు. ఫోనులో రోజుకు ఒక్క రన్ ఆడేవారికి ఇది పెద్దగా తెలియదు. కంప్యూటరు ముందు కూర్చుని ఒకే రోజు ఐదారు రన్‌లు ఆడేవారికి విసుగు పుడుతుంది. రెండు విధాలా ఆడాను కనుక చెబుతున్నాను, ఇది ఫోను ఆటగానే సుఖం.

షిప్ ఆఫ్ ఫూల్స్ ఇద్దరు కలిసి ఆడవలసిన ఆట, 2022లో వచ్చింది. ఒకరు ఫిరంగిని ఓడ అంచున ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మోసి నిలబెడతారు, ఇంకొకరు గుండు తెచ్చి నింపుతారు, ఈలోగా ఓడ ఎక్కబోయే జంతువును తెడ్డుతో బాది నీళ్లలోకి తోయాలి. పటంలో ముందుకు సాగుతున్న కొద్దీ తుఫాను వెనుక గళ్లను మింగేస్తూ వస్తుంది కనుక ఎన్ని దీవుల్లో ఆగాలో లెక్క చూసుకోవలసిందే. పక్కన మనిషి ఉంటే ఈ గందరగోళం అంతా నవ్వులాట. ఒంటరిగా ఆడేవారికి తోడుగా తనంతట తానే పేలే ఫిరంగి ఇస్తారు, కానీ అది కోప్పడదు, గుండు ఏదిరా అని అరవదు. ఒంటరిగా మాత్రం కొనవద్దనే నా సలహా.

ఇక రోగ్ వాటర్స్. 2024 సెప్టెంబరులో వచ్చిన ఈ ఆట వంతులవారీ వ్యూహపు ఆట. ముందు రెండు ఓడల మధ్య ఫిరంగుల పోరు, తరువాత శత్రువు ఓడ మీదకు ఎక్కి చేసే కత్తి యుద్ధం. ఫిరంగుల పోరులో మనం చేసిన నష్టం కత్తి యుద్ధం మొదలయ్యేటప్పుడు కనిపిస్తుంది, కాబట్టి మొదటి భాగం ఊరికే అలంకారంగా మిగలదు. ఓడ అంచున నిలబడ్డ శత్రువును ఒక్క తన్నుతో సముద్రంలో పడేయవచ్చు. పూర్తి ఆరోగ్యంతో ఉన్న ఒక దిట్టమైన గూండాను నా బృందంలో అందరికంటే బక్కవాడు బల్లల అంచు మీదుగా నెట్టేసిన క్షణం కోసమే నేను ఆ యుద్ధాలు ఆడతాను. ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నదే ఇక్కడ బలం. చదరంగం ఇష్టపడేవారికి ఈ ఆట పట్టుబడుతుంది.

కానీ నా కొలత దగ్గర ఇది తడబడుతుంది. కథానాయకుడైన కెప్టెన్ కట్టర్‌కు చావు లేదన్న శాపం ఉంది, అందుచేత ఓడిపోయినప్పుడల్లా కథలోనే కారణం చూపించి స్థావరానికి తిరిగి తెస్తారు, కొంత సంపాదనతో బలం పెంచుకుని మళ్లీ బయలుదేరుతాము. రోగ్‌లైట్ అని పిలిచే ఈ పద్ధతి కొత్తవారికి ఎంతో ఊరట, ఇలాంటి ఆటలు ఇంతమందికి చేరడానికి అదే కారణమని కూడా ఒప్పుకుంటాను. అయినా ఓటమికి కూడా కూలి దొరుకుతుందని తెలిశాక, వెనక్కి తిరగాలా వద్దా అన్న ప్రశ్నకు పదును పోతుంది. ఈ ఆటలో ఓడిపోతానని తెలిసి కూడా దీవి తరువాత దీవికి నిర్లక్ష్యంగా వెళ్లిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. సన్‌లెస్ సీలో అలా ఒక్కసారి కూడా చేయలేదు.

నేను ఆడిన ఈ ఐదింటిలోనూ లేని సంగతి ఒకటి ఉంది, దాని కోసం ఇంకా వెతుకుతున్నాను. నిజమైన దొంగల ఓడల్లో సరంగును నావికులే ఎన్నుకునేవారు. వాటాలు ముందే రాసుకునేవారు. యుద్ధంలో కాలో చెయ్యో పోయినవాడికి ఇంత అని పరిహారం ఉండేది. ఎటు వెళ్లాలి, ఎప్పుడు ఆపాలి అన్నది సరంగు ఒక్కడి నిర్ణయం కాదు. ఈ ఆటల్లో మాత్రం నావికులు అంకెలుగానో, బొమ్మలుగానో మిగిలిపోతారు. విచిత్రం ఏమిటంటే రోగ్‌లైక్ కానే కాని, 1987 నాటి సిడ్ మైయర్స్ పైరేట్స్ ఈ సంగతిని పట్టుకుంది. అందులో ఎక్కువ కాలం దోపిడీ పంచకుండా తిరిగితే నావికులు గొణుగుతారు, ఓడలు వదిలిపోతారు. పంచితే బృందం చెదిరిపోయి కొత్తవారిని కూడగట్టుకోవాలి. 2004 నాటి కొత్త రూపంలోనూ ఆ లెక్క అలాగే ఉంది. ఆ ఒక్క మీటను తెచ్చి శాశ్వత మరణం పక్కన బిగించిన ఆట వస్తే, మిగిలినవన్నీ పక్కన పెట్టి అదే ఆడతాను.

ప్రస్తుతానికి ఫోనులో పైరేట్స్ అవుట్‌లాస్, కంప్యూటరులో సన్‌లెస్ సీ మిగిలాయి. ఇప్పుడు నడుస్తున్నది పదకొండో సరంగు. ఓడ అడుగున సరుకు నిండుగా ఉంది, ఇంధనం మూడు పీపాలు ఉంది, తూర్పున నేను ఇంతవరకు చూడని దీవి తాలూకు దీపం ఒకటి మినుకుమినుకుమంటోంది. నిన్న రాత్రి ఆట అక్కడే ఆపి పడుకున్నాను.